పాము కాళ్ళు పామునకే ఎరుక

మార్గశిర శుద్ధ షష్ఠినాడు అత్తిలి వీథులలో కాలు మోపుటకు చోటు దొరకదు. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి కోవెల ముందు బారులు తీరిన స్త్రీలలో సంతానము కోరి వచ్చినవారు కొందరు, కడుపు పండినందుకు మ్రొక్కు చెల్లింప వచ్చినవారు కొందరు. అందరి మనస్సులోని మాట ఒక్కటే: బిడ్డ కాలుసేతులు చక్కగా ఉండవలెను. ఆ మాటను వారు కాలుసేతులు లేని నాగేంద్రునితో చెప్పుకొందురు. చిన్ననాట నాకిది వింతగా తోచెడిది. అడిగినచో మా తాతగారు “పాము కాళ్ళు పామునకే ఎరుక, నాయనా” అని నవ్వి ఊరకుండెడివారు. ఆ సామెతలో ఎంత నిజమున్నదో శాస్త్రజ్ఞులు 2016వ సంవత్సరమున గాని చెప్పలేకపోయిరి. ఆ కథను మనవి చేయుటకు ముందు, మా వీథిలో జరిగిన మరియొక కథ చెప్పవలసియున్నది.

1995వ సంవత్సరమున దీపావళి మరునాడు, అక్టోబరు 24వ తేదీ ఉదయమున, సూర్యగ్రహణము పట్టినది. ఉత్తరదేశమున సంపూర్ణముగాను, మన ప్రాంతమున పాక్షికముగాను కనిపించినది. మా యింటికి నాలుగిండ్లకు ఆవల నుండెడి ఒక పిన్నిగారు అప్పుడు నిండు గర్భిణి కాకున్నను, చూడగానే తెలియునంతటి గర్భిణి. ఆమె ఆనాడు కత్తిపీట ముందు కూర్చుండి దొండకాయలు తరిగినదట. సంక్రాంతికి ఆమెకు మగపిల్లవాడు పుట్టెను. ఎడమచేతి బొటనవ్రేలు రెండుగా చీలి, ఒకే కుదుటినుండి మొలచిన రెండు వ్రేళ్ళవలె నుండెను. అంతే! గ్రహణమువేళ కత్తి పట్టినందులకు ఫలమిది యని అత్తగారు తేల్చి చెప్పిరి. ఊరు ఔనన్నది. పురుడుకు వచ్చిన బంధువులు పిల్లవానిని చూచుటకు ముందు కత్తిపీటను గూర్చి అడిగిరి. ఏండ్ల తరబడి ఆమె ఎవరింట శుభకార్యమైనను వంటశాలకు పోక, వాకిట కూర్చుండెడిది.

ఆమె తప్పు చేసినదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకవలెనన్న, తల్లి గర్భమున చేయి ఎట్లు పుట్టునో, ఎప్పుడు పుట్టునో తెలియవలెను. అది మానవుడు రెండువేల యేండ్లకు పైబడి అడుగుచున్న ప్రశ్న.

సుశ్రుతసంహిత శారీరస్థానమున గర్భస్థపిండమునకు మూడవమాసమున చేతులు, కాళ్ళు, తల అను ఐదు పిండకములు ఏర్పడునని చెప్పబడినది. ఏ అవయవము ముందు పుట్టునను వాదమును గూడ ఆ గ్రంథము ఎత్తుకొన్నది. తల ముందని కొందరు, గుండె ముందని కొందరు, చేతులు కాళ్ళు ముందని మరికొందరు చెప్పినట్లు పేర్కొని, అన్నియు ఒక్కసారియే పుట్టునని, లేమామిడిపిందెలో టెంకయు పీచును కనబడకపోయినను ఉన్నట్లే, సూక్ష్మముగా నుండుటచే అవి మనకు కనబడవని తీర్పు చెప్పినది. గ్రీసు దేశమున అరిస్టాటిలు పొదిగిన కోడిగ్రుడ్లను దినమునకొక్కటి చొప్పున పగులగొట్టి చూచి, లోపల కదలాడు రక్తబిందువు గుండెయని గుర్తించెను. ఒకరు తర్కముచే, ఒకరు గ్రుడ్డుచే ఒకే గుమ్మము తట్టిరి.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ గుమ్మము కొంత తెరచుకొన్నది. 1849వ సంవత్సరమున రిచర్డు ఓవెను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అవయవముల స్వభావమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మనిషి చేయి, గబ్బిలపు రెక్క, తిమింగిలపు ఈతరెక్క, గుర్రపు ముందుకాలు, ఇవన్నియు ఒకే నమూనాపై కట్టిన యిండ్లని ఆయన చూపెను. ముందొక ఎముక, పిమ్మట జంట ఎముకలు, ఆపైన చిన్న ఎముకల గుంపు, చివర వ్రేళ్ళు. పదియేండ్ల పిమ్మట, 1859లో, డార్విను ఆ పోలికకు కారణము చెప్పెను: ఇవన్నియు ఒకే పూర్వజుని సంతతి. అయినను ఒకే నమూనా గర్భమున ఏ మేస్త్రి చేతిమీదుగా ఇన్ని విధములుగా రూపొందుచున్నదో ఆయనకును అంతుపట్టలేదు.

ఆ మేస్త్రిని మొదట పట్టుకొన్నది కోడిగ్రుడ్డులోనే. తణుకు పరిసరముల కోళ్ళ ఫారములను చూచిన మనకు గ్రుడ్డు వ్యాపారవస్తువు. పిండశాస్త్రజ్ఞునకు అది కిటికీ గల గర్భాశయము. పెంకునకు చిన్న కంత చేసి, లోపలి పిండమునకు శస్త్రము చేసి, మరల మూసి పొదిగింపవచ్చును. పొదిగిన మూడవనాటికి రెక్క ఒక చిన్న మొగ్గవలె పొటమరించును. ఆ మొగ్గ అంచున చర్మము కొద్దిగా మందమెక్కి, చీర అంచువలె ఒక పట్టెగా ఏర్పడును. 1948వ సంవత్సరమున అమెరికాలో జాను సాండర్సు అను శాస్త్రజ్ఞుడు ఆ పట్టెను కోసివేసి చూచెను. తొలిదశలో కోసినచో భుజపుటెముకతో రెక్క ఆగిపోయెను. కొంత ఆలస్యముగా కోసినచో మోచేతి దిగువ ఎముకలును వచ్చి, వ్రేళ్ళు మాత్రము రాలేదు. అనగా చేయి భుజమునుండి వ్రేళ్ళవైపు, ఒక వరుసలో, ఒక గడువు ప్రకారము పెరుగునన్నమాట. గడువు దాటిన పిమ్మట తెగిన పట్టె వలన జరిగిపోయిన పనికి హాని లేదు. శ్రోతలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

అదే 1948వ సంవత్సరమున, మా అత్తిలికి కూతవేటు దూరముననున్న భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమున ఆగస్టు నెలలో కన్నుమూసిరి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలికు ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆ ఆమ్లమునకు శత్రువైన అమినోప్టెరిను అను మందును గూడ అక్కడనే తయారుచేసిరి. దానిని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. కాని వేగముగా విభజన చెందు కేన్సరు కణములను ఆపు మందు, అంతే వేగముగా విభజన చెందు పిండమును మాత్రము విడుచునా? గర్భిణులు దానిని తీసికొన్నపుడు కొందరు శిశువులు తలయెముకలు, ముఖము, అవయవములు వికలమై పుట్టుట 1950వ దశకమున వైద్యులకు తెలిసివచ్చెను. మందు తల్లి నోటినుండి బిడ్డ వ్రేళ్ళవరకు చేరగలదను హెచ్చరిక అది. లోకము ఆ హెచ్చరికను చాలినంతగా వినలేదు.

1957వ సంవత్సరమున పశ్చిమజర్మనీలో థాలిడోమైడు అను నిద్రమందు అమ్మకమునకు వచ్చెను. గర్భిణులకు ఉదయపు వికారము తగ్గునని చెప్పి దానిని ఎందరికో ఇచ్చిరి. 1961వ సంవత్సరాంతమున జర్మనీలో లెంట్సు, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడు అను వైద్యులు దాని హానిని బయటపెట్టునాటికి, భుజమునుండి నేరుగా చిన్న చేతివ్రేళ్ళు మొలచిన శిశువులు వేలకొలది పుట్టియుండిరి. ప్రపంచమున అట్టివారు పదివేలమందికి పైబడిరని అంచనా. అమెరికాలో ఫ్రాన్సెసు కెల్సీ అను అధికారిణి, రుజువులు చాలవని పట్టుబట్టి, ఆ మందునకు అనుమతి నిరాకరించినందున అక్కడ అంతటి కీడు జరుగలేదు. వైద్యులు తేదీలు లెక్కించి చూచినపుడు ఒక భయంకరమైన సత్యము తేలినది. ఆ మందు చేతులను కాళ్ళను హరించునది గర్భధారణ జరిగిన మూడవవారము చివరనుండి ఐదవవారము వరకే. అప్పటికి తాను గర్భవతినని అనేక స్త్రీలకు ఇంకను రూఢిగా తెలియదు. ఆ తల్లులలో ఎందరో తమనే నిందించుకొనిరి. తప్పు వారిది కాదు.

ఆ మందు చేయు పని యేమో తెలియుటకు అరువదియేండ్లు పట్టెను. 2010లో జపాను శాస్త్రజ్ఞులు అది కణములలో సెరెబ్లాను అను మాంసకృత్తునకు అంటుకొనునని కనుగొనిరి. అవయవముల నిర్మాణమునకు వలసిన జన్యువులను మేల్కొలుపు సాల్4 అను మరియొక మాంసకృత్తును అది నాశనము చేయించునని 2018లో తెలిసెను. అనగా థాలిడోమైడు జన్యువును పాడుచేయలేదు. జన్యువునకు ఆజ్ఞ నిచ్చు వానిని మాయము చేసినది.

జన్యువునకు ఆజ్ఞ యేమి? ఇక్కడ మనము కొల్లేటి చేంతాడును తలచుకొందము. మన శరీరమున ఒక్కొక్క కణములో సుమారు రెండు మీటర్ల పొడవుగల డి.ఎన్.ఏ. అను దారము, సూదిమొనకన్న ఎంతో చిన్నదైన చోటున చుట్టబడియున్నది. ఒక్కొక్క తల్లిదండ్రుల వంతున దానిలో మూడువందల కోట్ల అక్షరములున్నవి. చిత్రమేమనగా, మాంసకృత్తులను తయారుచేయు సూత్రములు అందులో నూటికి రెండు పాళ్ళు కూడ లేవు. కంటి కణములోను, కాలి కణములోను ఉన్నది ఒకే దారము. అయినను ఒకటి కన్ను, ఒకటి కాలు ఎట్లగుచున్నది? ఏ జన్యువు ఎచ్చట పలుకవలెనో, ఎచ్చట మౌనము వహింపవలెనో నిర్ణయించు మీటలు ఆ దారమందే ఉన్నవి. జన్యువులకు ఇట్టి మీటలుండునని 1961వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయులైన జాకబు, మోనో అనువారు సూక్ష్మజీవులలో నిరూపించిరి. 1965లో లోఫుతో కలిసి నోబెలు బహుమానము పొందిరి. ఇంటిలో విద్యుత్తు అన్ని గదులకును వచ్చును. ఏ గదిలో దీపము వెలుగవలెనో మీట చెప్పును.

చేతి మొగ్గలో ముఖ్యమైన మీట దొరకుటకు మార్గము చూపినది మరల సాండర్సే. 1968లో ఆయనయు, గాసెలింగు అను సహచరురాలును కోడిరెక్క మొగ్గ వెనుకవైపు అంచునుండి కొంత కణజాలమును తీసి, మరియొక మొగ్గ ముందువైపున అతికించిరి. పుట్టిన రెక్కకు వ్రేళ్ళు అద్దములో ప్రతిబింబమువలె రెండు వరుసలుగా వచ్చెను! ఆ వెనుక అంచును రేడియో కేంద్రముతో పోల్చవచ్చును. కేంద్రమునకు చేరువనున్న గ్రామమున ధ్వని గట్టిగా వినబడును. దూరమేగిన కొలది సన్నగిల్లును. వెనుక అంచునుండి వచ్చు సంకేతము గట్టిగా అందినచోట చిటికెనవ్రేలు, సన్నగిల్లినచోట ఇతర వ్రేళ్ళు ఏర్పడును. బొటనవ్రేలు దానికి దూరమున ఉండును. ఒకే మొగ్గలో రెండు కేంద్రములను పెట్టినచో రెండు వరుసల వ్రేళ్ళు వచ్చుటలో ఆశ్చర్యమేమి?

ఆ కేంద్రము ప్రసారము చేయు సంకేతమేదో 1993లో హార్వర్డు విశ్వవిద్యాలయమున క్లిఫర్డు టాబిను బృందము కనుగొన్నది. 1980లో నుస్లైను ఫోల్హార్డు, వీషౌసు అనువారు పండ్ల ఈగలలో పేర్కొన్న ‘హెడ్జిహాగు’ జన్యువునకు అది చుట్టము. అది చెడిన ఈగ పిల్లపురుగు ఒడలెల్ల ముండ్లతో ముళ్ళపందివలె కనబడుటచే ఆ పేరు వచ్చినది. కోడిలో దొరికిన దానికి పిల్లల ఆటలోని ఒక పాత్రపేరు చేర్చి ‘సోనికు హెడ్జిహాగు’ అనిరి. ఈగకును, కోడికిని, మనిషికిని ఒకే వంశపు జన్యువు పనిచేయుట చూచి లోకము విస్తుపోయెను.

ఇచ్చట మన పొరుగుదేశమైన ఒడిస్సాను తలవకుండుట అన్యాయము. తోక తెగిన కప్పపిల్లకు తోకయే మరల మొలచుట సహజము. భువనేశ్వరములోని ఉత్కళ విశ్వవిద్యాలయమున ప్రియంవద మొహంతి హెజ్మాడీ గారును, సహచరులును తోక తెగిన కప్పపిల్లలను ఏ విటమిను కలిపిన నీటిలో పెంచిరి. తోక మొలవవలసిన చోట కాళ్ళు మొలచెను! 1992లో ‘నేచరు’ పత్రికలో ఈ వార్త వెలువడగా ప్రపంచమంతయు భువనేశ్వరము వైపు చూచినది. ఆ విదుషీమణి ఒడిస్సీ నృత్యమున గూడ ప్రఖ్యాతురాలు. వర్షాకాలమున మన చేల గుంటలలో ఈదులాడు కప్పపిల్లల వంటి అల్పజీవులే ఆ ప్రయోగమునకు ఆధారము. ఏ విటమినునుండి పుట్టు ఆమ్లము ‘హాక్సు’ అను జన్యువుల మీటలను త్రిప్పునని ఇప్పుడు తెలియును. శరీరమున ఏ భాగము ఎచ్చట నుండవలెనో చెప్పునవి ఆ జన్యువులే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలో రాకేశ్ మిశ్రా గారి బృందము ఈ జన్యువుల నియంత్రణమునే పరిశోధించినది. మన వరిచేలకు గట్లున్నట్లు, ఆ దారమునందును గట్లు కలవు. ఒక జన్యువు మీట పొరుగు జన్యువుపై పనిచేయకుండ అవి అడ్డుపడును. గట్టు తెగినచో పొరుగువాని నీరు మన చేలోనికి వచ్చినట్లు, ఒక అవయవమునకు చెందిన ఆజ్ఞ మరియొక చోట పనిచేయును.

ఇక చీలిన బొటనవ్రేలి సంగతి. సోనికు హెడ్జిహాగు జన్యువును చేతి మొగ్గలో మేల్కొలుపు మీట ఎక్కడున్నదని ఎడింబరోలో రాబర్టు హిల్లు, లారా లెటిసు బృందము వెదకినది. 2003లో దొరికినది. జన్యువునకు పక్కన కాదు. పదిలక్షల అక్షరముల దూరమున, మరియొక జన్యువు నడిమధ్యన! వాకిట మీట నొక్కిన, పొలిమేర దాటిన ఇంట దీపము వెలిగినట్లు. ఆ మీటలో ఒక్క అక్షరము మారినచో, సంకేతము మొగ్గ ముందువైపున గూడ వెలువడి, బొటనవ్రేలు రెండగునట్లు చేయగలదు. ఆరువ్రేళ్ళ పిల్లులలోను, కొన్ని ఆరువ్రేళ్ళ కుటుంబములలోను ఇట్టి మార్పులే కనిపించినవి. ఆ మీటను పూర్తిగా తొలగించిన ఎలుకకు మెదడు, వెన్ను సరిగానే యుండి, కాళ్ళుసేతులు మాత్రము కురుచబోయినవి. ఏలనన, మెదడునకు, వెన్నునకు అదే జన్యువును వెలిగించు మీటలు వేరు. జన్యువు చెడినచో పిండమంతయు చెడును. మీట చెడినచో ఆ గది దీపమే ఆరును.

ఇప్పుడు పాము దగ్గరకు వచ్చెదము. పాముల పూర్వజులకు కాళ్ళుండెను. కొండచిలువ పిండమున నేటికిని వెనుకకాలి మొగ్గ తలయెత్తి, అంతలో ఆగిపోవును. పెరిగిన కొండచిలువ తోకదగ్గర రెండు చిన్న గోళ్ళు ఆ కాళ్ళ ఆనవాళ్ళు. 2016లో అమెరికాలోని బర్కిలీ శాస్త్రజ్ఞులు ఎలుకలోని ఆ మీటను తీసివేసి, దానిచోట పాము మీటను అమర్చిరి. ఎలుక కాళ్ళు మొలకలవద్దనే నిలిచిపోయినవి. పాము మీటను పరిశీలింపగా పదునేడక్షరములు రాలిపోయియుండెను. ఆ పదునేడింటిని మరల వ్రాసి కొండచిలువ మీటను ఎలుకలో ఉంచగా, ఎలుకకు కాళ్ళు తిరిగివచ్చెను! పామునకు కాళ్ళు కట్టు జన్యువు పోలేదు. దానిని పిలుచు గొంతు పోయినది. పాము కాళ్ళు పామునకే ఎరుక యనుట ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

కోతలైన చేలలో మేయు బాతులను చూడుడు. కోడికాలి వ్రేళ్ళు విడివడి యుండును. బాతుకాలి వ్రేళ్ళ నడుమ తోలు ఉండును. పిండదశలో రెంటికిని ఆ తోలు ఉన్నదే. కోడిలో వ్రేళ్ళ నడుమ కణములు ఆజ్ఞ అందుకొని చనిపోవును. బాతులో గ్రెమ్లిను అను మాంసకృత్తు ఆ ఆజ్ఞకు అడ్డుపడును. మన చేతివ్రేళ్ళు విడివడుటయు కోడి పద్ధతినే. ఆ పని ఎప్పుడు ముగియును? మనిషి పిండమున చేతి మొగ్గ సుమారు ఇరువదియారవ దినమున పొటమరించును; కాలి మొగ్గ ఒకటి రెండు దినములు వెనుక. ఎనిమిదవవారము ముగియునాటికి పది వ్రేళ్ళును విడివడియుండును. రెండు నెలలు నిండునప్పటికి చేతి రూపము నిర్ణయమైనట్లే.

సుబ్బారావుగారి ఫోలికు ఆమ్లమునకు ఈ కథలో మంచి ముగింపు కూడ కలదు. గర్భధారణకు ముందునుండియే దానిని తీసికొన్న తల్లుల బిడ్డలకు వెన్నెముక నాళము మూసికొనని లోపము బాగుగా తగ్గునని 1991లో రుజువైనది. కావున గర్భిణి భయపడవలసినది కత్తిపీటకు కాదు. వైద్యుని అడుగక మ్రింగు మాత్రకు. ఏ విటమినైనను మితిమీరి తీసికొనుట, మొటిమలకిచ్చు తత్సంబంధమైన మందులు వాడుట ఆ కాలమున ప్రమాదకరము.

ఈ సంగతులన్నియు చదివిన పిమ్మట, కొన్ని యేండ్ల క్రిందట షష్ఠి తిరునాళ్ళకు అత్తిలి పోయినపుడు, ఆ పిన్నిగారి వాకిట కొంతసేపు కూర్చుంటిని. పిల్లవాడు పెద్దవాడైనాడు, అదనపు వ్రేలిని చిన్ననాడే వైద్యులు తీసివేసిరి. మాటలలో మాటగా నేను, “పిన్నీ, చేతివ్రేళ్ళు రెండో నెల దాటేసరికే తయారైపోతాయి. గ్రహణం నాటికి నీకు ఎన్నో నెల?” అని అడిగితిని.

ఆమె సంక్రాంతినుండి వెనుకకు వ్రేళ్ళు మడచి లెక్కించినది. ఒకమారు కాదు, రెండుమార్లు.

“ఏడో నెల, నాయనా.”

కొంతసేపు ఎవరమును మాటాడలేదు. కోవెలవైపునుండి సన్నాయి వినబడుచుండెను. పిమ్మట ఆమె మెల్లగా, “అయితే అప్పటికే వాడికి అయిదు నెలల ముందు నుంచీ వేళ్ళు అలాగే ఉన్నాయన్నమాట” అని, చేరగిలబడిన స్తంభమును విడిచి లేచి, వంటింటిలోనికి పోయినది. నాకు పెట్టుటకు చక్కెరకేళి పండ్లు తెచ్చినది.

గ్రహణము సూర్యునకు పట్టి గంటలలో విడిచెను. ఆ తల్లికి పట్టినది విడుచుటకు ఇరువదియేండ్లు దాటినది. మన యిండ్లలో అట్టి తల్లులు ఇంకను ఎందరో కలరు. వారి ముందు వ్రేళ్ళు మడచి నెలలు లెక్కించి చూపుట అక్షరములు నేర్చిన ప్రతివాని విధి.